తూము ఎవరి చేతిలో ఉంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం గురించి అడిగాయి. అలవాటైన పెద్ద సామాజిక మాధ్యమాన్ని విడిచి, ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని చిన్న చిన్న సముదాయ వేదికలకు వెళ్లవచ్చా, వెళితే ఎలా వెళ్లాలి అన్నది ఆ నాలుగింటి సారాంశం. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాం.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడిని. మా చుట్టుపక్కల ఊళ్లలోని శాసనాలు, మెట్లబావులు, పాత గుడులు, చెరువుల ఫొటోలూ వివరాలూ పంచుకోవడానికి తొమ్మిదేళ్ల కింద ఒక పెద్ద సామాజిక మాధ్యమంలో బృందం ఏర్పాటు చేశాను. నిరుడు వానకాలంలో ఒకరోజు పొద్దున చూసేసరికి నా ఖాతా తెరుచుకోలేదు. ఒక విరిగిన శిల్పం ఫొటో నిబంధనలకు విరుద్ధమని వాళ్ల యంత్రమే తేల్చిందట. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. మూడు వారాల తర్వాత ఖాతా తిరిగి వచ్చింది గానీ, అప్పటి నుంచి నా పోస్టులు తమకు కనబడడం లేదని చాలామంది సభ్యులు అంటున్నారు. బృందంలోని పిల్లలు మాస్టడాన్ అనీ లెమ్మీ అనీ పేర్లు చెబుతున్నారు. అవేమిటి? ఇన్నేళ్ల పనిని విడిచిపెట్టి అక్కడికి పోవడం సరైనదేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

జవాబు: సార్, వెళ్లాలా వద్దా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. అంతకంటే ముందు, ఈ వారంలోనే, ఆ బృందంలో ఉన్నదాన్ని బయటికి తీసి మీ దగ్గర పెట్టుకోండి. పెద్ద మాధ్యమాలు దాదాపు అన్నీ మన సమాచారాన్ని మనం దించుకునే వీలు ఇస్తున్నాయి. సెట్టింగుల్లోకి వెళ్లి కోరితే కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో ఒక పెద్ద ఫైలు అందుతుంది. అయితే అందులో మీరు రాసినవీ, మీరు పెట్టిన ఫొటోలూ ఉంటాయి తప్ప, వాటి కింద ఇతరులు రాసిన మాటలు సాధారణంగా ఉండవు. మీ బృందానికి ప్రాణం ఆ మాటల్లోనే ఉంది. మీరు ఉత్తరంతో జతచేసిన ఫొటోనే చూడండి: చింతచెట్టు కింద సగం దాకా మట్టిలో కూరుకుపోయిన శాసన స్తంభం, దాని నెత్తిన ఎవరో పూసిన పసుపు, పక్కనే కొలత తెలియడానికి నిలబెట్టిన మీ చేతికర్ర. దాని కింద ఒక రైతు, “ఇసొంటి రాయే మా పాత బాయికాడ గూడ ఉన్నది సారూ, దాని మీద బట్టలు ఉతుకుతరు” అని రాశారు. శాసన పరిశోధకులు ఏళ్ల తరబడి తిరిగినా దొరకని సమాచారం అది. మీరు దించుకునే ఫైలులో ఆ ఒక్క వాక్యం రాదు.

కాబట్టి విలువైన వ్యాఖ్యలను, రాసినవారి పేరు, ఊరు, తేదీతో సహా చేత్తోనే నకలు చేసుకోవాలి, వాడుకోవడానికి వారి సమ్మతి అడగాలి. బృందంలోని పిల్లలు ముగ్గురు నలుగురు కూర్చుంటే కొన్ని ఆదివారాల్లో అయిపోతుంది. మాధ్యమంలోకి ఎక్కించినప్పుడు ఫొటో పరిమాణాన్ని కుదిస్తారు గనుక, ఫోన్లలో, కెమెరాల్లో ఉన్న అసలు ఫొటోలనే సేకరించి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో భద్రపరచండి. స్వేచ్ఛగా వాడుకోవడానికి మీరు ఒప్పుకునే ఫొటోలను, వికీపీడియా వ్యాసాలకు బొమ్మలు అందించే ఉమ్మడి భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో చేర్చండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో మన ఊళ్లకు విడివిడిగా వ్యాసాలున్నాయి. మీ ఫొటోలు అక్కడికి చేరితే, మీ బృందం ఏ వేదిక మీద ఉన్నా, అసలు లేకపోయినా, ఆ రాళ్ల వివరం మిగులుతుంది.

ఇక మీరు అడిగిన పేర్ల సంగతి. మాస్టడాన్‌ను 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో అనే యువకుడు మొదలుపెట్టారు. అది ఒక వెబ్‌సైటు కాదు, ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ కంప్యూటరులో నడుపుకోగల సామాజిక మాధ్యమపు ప్రోగ్రాము. అలా నడిపే ఒక్కొక్క చోటును సర్వర్ అంటారు. ఒక సర్వర్‌లో ఖాతా ఉన్నవారు వేరే సర్వర్‌లోని వారిని అనుసరించవచ్చు, వారికి జవాబు రాయవచ్చు. ఒక కంపెనీ ఈమెయిలు ఉన్నవారు వేరే కంపెనీ ఈమెయిలుకు ఉత్తరం పంపగలిగినట్టే ఇదీ. ఈ సర్వర్లన్నీ మాట్లాడుకునే ఉమ్మడి భాష పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. లెమ్మీ కూడా ఇదే భాష మాట్లాడుతుంది గానీ, అది అంశాల వారీగా బృందాలు పెట్టుకుని చర్చించుకోవడానికి తయారైంది. 2023 జూన్‌లో, అంశాల వారీ చర్చలకు పేరుపడ్డ రెడిట్ సంస్థ, బయటివారు తయారుచేసిన యాప్‌ల మీద భారీ రుసుము విధించినప్పుడు, అందులోని వేలాది బృందాలు నిరసనగా కొన్ని రోజులు తలుపులు మూసుకున్నాయి. లెమ్మీ పేరు చాలామందికి తెలిసింది అప్పుడే. మాస్టడాన్‌లో బృందం అనే ఏర్పాటు విడిగా లేదు గనుక మీ పనికి లెమ్మీ దగ్గరగా ఉంటుంది.

మన ప్రాంతంవారికి ఈ పద్ధతిని చెప్పడానికి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. ఊరికొక చెరువు. దాని కట్ట ఆ ఊరిది, తూము ఆ ఊరిది, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే నీరటి కూడా ఆ ఊరి మనిషే. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు కింది ఊరి చెరువుకు చేరుతుంది. అందువల్ల ఏ ఊరూ ఒంటరిది కాదు, ఏ ఊరూ మరొక ఊరి దయ మీద బతకదు. పెద్ద సామాజిక మాధ్యమంలో కోట్లమందికి కలిపి ఒకటే చెరువు, ఒకటే తూము, ఆ తూము ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ చేతిలో. మీ ఖాతా మూతపడిన మూడు వారాలు మీరు నిలబడి అడగడానికి నీరటి లేకుండా పోయాడు. చిన్న సర్వర్‌లో కూడా తప్పులు జరుగుతాయి. విరిగిన శిల్పాన్ని అక్కడి నిర్వాహకుడు సైతం పొరపాటుగా తొలగించవచ్చు. కానీ ఆయన ఒక మనిషి, పేరున్నవాడు, మీరు ఉత్తరం రాస్తే చదివేవాడు. పోలిక ఇంకొక చోట కూడా కుదురుతుంది. ఎగువ కట్ట తెగితే దిగువ చెరువులకు ముప్పు ఎలాగో, పట్టించుకునేవారు లేని సర్వర్ల నుంచి చెత్త సందేశాలు మిగతావాటిలోకి వరదలా వస్తాయి. 2024 ఫిబ్రవరిలో సరిగ్గా అదే జరిగింది. అప్పుడు నిర్వాహకులు తమ వైపు అడ్డుకట్ట వేసుకున్నారు. ఒక సర్వర్ మరొక సర్వర్‌తో రాకపోకలు ఆపివేసే వీలు ఈ ఏర్పాటులోనే ఉంది.

వెళ్లడం మంచిదనే నా నమ్మకం. కానీ కోపంతో వెళ్లకండి, ఒక్కరే వెళ్లకండి. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు మనదేశంలో చాలామంది ఆగ్రహించి మాస్టడాన్‌లో చేరారు. తమ పరిచయస్తులు అక్కడ లేకపోవడంతో ఎక్కువమంది కొద్ది రోజుల్లోనే వెనక్కి వచ్చేశారు. 2022 అక్టోబరు 27న ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్న తర్వాత, నెలకు సుమారు 3 లక్షల మంది వాడే మాస్టడాన్‌ను రెండు నెలలు తిరగకముందే 25 లక్షల మంది వాడారు. ఆ తర్వాత వారిలో చాలామంది ఉండలేదు. రెండుసార్లూ నిలిచినవారు పదిమందితో కలిసి కదిలినవారే.

ఒక కంపెనీ నచ్చలేదని మరొక కంపెనీకి మారడం కూడా పరిష్కారం కాదు. మన దేశంలోనే పుట్టిన, తెలుగులో కూడా నడిచిన కూ అనే వేదిక 2020లో మొదలై 2024 జూలైలో మూతపడింది. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో ఆగిపోయాయి. యాహూ గ్రూపుల్లో ఏళ్ల తరబడి సాగిన తెలుగు చర్చలు ఎన్నో దాచుకున్నవారి దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, మీకు ముందే ఫైలు దించుకోమని చెప్పింది కూడా అందుకే. బ్లూస్కై గురించి కూడా మీ పిల్లలు చెప్పి ఉంటారు. ట్విట్టర్‌లోనే 2019లో ఒక ఆలోచనగా మొదలై, వేరే కంపెనీగా విడిపోయి, 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచింది. దాని నిర్మాణంలో వికేంద్రీకరణ ఉంది గానీ, వాడేవారిలో అత్యధికులు ఇప్పటికీ ఆ కంపెనీ సర్వర్ల మీదే ఉన్నారు.

మీ బృందంలో పేరుకు ఎందరున్నా, ఊళ్లు తిరిగి ఫొటోలు తీసేవారు, చదివి అర్థం చెప్పేవారు, తప్పులు దిద్దేవారు కలిపి ఇరవై ముప్పై మంది ఉంటారు. వారిని ఒక ఆదివారం పిలిపించి, కూర్చుని, ఒక సర్వర్‌ను ఎంచుకోండి. సొంతది పెట్టుకునే తొందర వద్దు. ఎంచుకునేటప్పుడు నిర్వాహకులు ఎందరు, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, నియమాలు స్పష్టంగా రాసి ఉన్నాయా, తెలుగు పోస్టుల మీద ఫిర్యాదు వస్తే చదవగలవారు ఉన్నారా అని అడగండి. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే మన భాష రానివారు మన మాటను ఎంత మంచి మనసుతో తూచినా పొరబడతారు. ఒక మూడు నెలలు కొత్తవన్నీ ముందు అక్కడ పెట్టి, పాత బృందంలో ఆ లింకు మాత్రం ఇవ్వండి. పాత ఖాతాను తొలగించకండి, దారి చూపే బోర్డులా ఉండనివ్వండి. తర్వాత ఎప్పుడైనా తొలగించాలనుకుంటే, పెద్ద మాధ్యమాలు కొన్ని మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువు ఇస్తాయని, ఆలోపు ఒక్కసారి లాగిన్ అయినా తొలగింపు ఆగిపోవచ్చని గుర్తుంచుకోండి.

కొత్తచోట మీకు మొదట నిశ్శబ్దంగా అనిపిస్తుంది. మాస్టడాన్‌లో ప్రకటనలు లేవు. మీరు అనుసరించేవారి పోస్టులు కాలక్రమంలో వస్తాయి, ఎవరు ఏది చూడాలో యంత్రం నిర్ణయించదు. అందుకే మీ సభ్యులకు మీ పోస్టు కనబడకుండా పోదు, కొత్తవారికి దానంతటదే కనబడదు కూడా. అక్కడ నాకు బాగా నచ్చిన అలవాటు ఒకటుంది: ఫొటో పెట్టినప్పుడు, చూపు లేనివారి కోసం అందులో ఏముందో మాటల్లో రాస్తారు. శాసనాల ఫొటోలకు ఆ వివరణ రాయడం మీ బృందానికి మంచి సాధన అవుతుంది.

ప్రశ్న: మాది కొత్తవాడ. ఇంటి మగ్గాల మీద నేసిన దరీల ఫొటోలను ఒక పెద్ద మాధ్యమంలో పెట్టి అమ్ముకుంటున్నాం. డబ్బు కట్టి ప్రచారం చేస్తే తప్ప ఈ మధ్య ఎవరికీ కనబడడం లేదు. మేమూ బయటికి రావాలా? (ఒక నేత కుటుంబం, వరంగల్)

జవాబు: అన్నా, వద్దు. మీ బేరం సాగుతున్న చోటును విడవకండి. వికేంద్రీకృత వేదికల్లో జనం తక్కువ, డబ్బు కట్టి ప్రచారం చేసుకునే ఏర్పాటు లేదు, అమ్మకానికి అంగడి లాంటి సౌకర్యమూ లేదు. ఫొటోల కోసం పిక్సెల్‌ఫెడ్ అనే వేదిక ఉంది, అందులో ఒక ఖాతా తెరిచి అవే ఫొటోలు పెడుతూ ఉండండి, ఖర్చేమీ లేదు. అంతకంటే అవసరమైన పని మరొకటి ఉంది. కొన్నవారి పేరు, ఫోన్ నంబరు, ఏ రంగు ఏ కొలత దరీ కొన్నారు అన్నది, వారు ఒప్పుకుంటే, ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక ఆ మాటను ప్రతి ఫొటో కింద తప్పక రాయండి. మాధ్యమం మీ ఫొటోను దాచినా, ఆ పుస్తకం ఉంటే మీరే పాత గిరాకీకి ఫోన్ చేసి కొత్త డిజైన్ వచ్చిందని చెప్పగలుగుతారు.

ప్రశ్న: మా ఊరి నుంచి ఎంతోమంది గల్ఫ్‌లో ఉన్నారు. ఊళ్లో చావు, పెళ్లి, ఆపద ఏదైనా ఒక మెసేజింగ్ యాప్ గ్రూపులోనే అందరికీ తెలుస్తుంది. దాన్ని కూడా ఇలాంటి కొత్త వేదికకు మార్చవచ్చా? (ఒక గ్రామ యువజన సంఘం సభ్యుడు, జగిత్యాల జిల్లా)

జవాబు: తమ్ముడూ, ఆ గ్రూపును కదిలించకండి. రాత్రి పన్నెండింటికి క్యాంపులో డ్యూటీ దిగిన మనిషి ఇంటి కబురు కోసం మొదట తెరిచేది దాన్నే. కొత్త యాప్ నేర్చుకోలేని ఒక్క తల్లి వెనకబడిపోయినా ఆ మార్పు వల్ల నష్టమే తప్ప లాభం లేదు. పైగా మాస్టడాన్, లెమ్మీ బహిరంగ వేదికలు. వాటిలో పంపే వ్యక్తిగత సందేశాలకు కూడా, పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఎవరూ చదవలేని రహస్య రక్షణ లేదు, సర్వర్ నిర్వాహకుడు తలచుకుంటే చదవగలడు. గల్ఫ్ దేశాల సైబర్ చట్టాలు కఠినమైనవి. అక్కడున్నవారు జీతం గొడవ, పాస్‌పోర్టు గొడవ బహిరంగంగా రాసి చిక్కుల్లో పడకూడదు.

ఒక్క లోటు మాత్రం నిజమే. ఇప్పుడున్న యాప్ ఫోన్ నంబరుతో ముడిపడి ఉంటుంది. దేశం మారినప్పుడల్లా సిమ్ మారుతుంది, పాత నంబరు కొన్నాళ్లకు వేరేవారికి వెళుతుంది, గ్రూపులో ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది. మ్యాట్రిక్స్ అనే వికేంద్రీకృత సందేశ వ్యవస్థలో ఫోన్ నంబరు అవసరం లేదు, సందేశాలకు రహస్య రక్షణ కూడా ఉంటుంది. సంఘం పెద్దలు అయిదారుగురు దాన్ని ఎలిమెంట్ అనే యాప్‌తో తమ మధ్య వాడి చూడండి. అక్కడున్న మనిషికి అది సాఫీగా అందుతోందో లేదో నెలరోజులు గమనించిన తర్వాతే మిగతావారి మాట. ఈలోగా ఊరివారి కొత్త నంబర్ల పట్టిక ఒకటి పంచాయతీ దగ్గరలో ఎవరో ఒకరి ఇంట్లో కాగితం మీద ఉంచండి.

ప్రశ్న: మేము వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాం. తెలుగువారి కోసం సొంతంగా ఒక సర్వర్ నడపాలని నలుగురం అనుకుంటున్నాం. ప్రోగ్రాము ఎక్కించడం మాకు వచ్చు. ఇంకేం కావాలి? (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: చెల్లెమ్మా, ప్రోగ్రాము ఎక్కించడం ఒక రాత్రి పని. ఆ తర్వాత ప్రతి రాత్రీ ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. నాలుగో సంవత్సరం పరీక్షలు వస్తాయి, ఆపైన ఉద్యోగాలకు నలుగురూ నాలుగు ఊళ్లకు వెళతారు. అప్పుడు సర్వర్‌ను నమ్ముకుని రాసుకున్నవారి గతి ఏమిటన్నది మీరు ఇప్పుడే ఆలోచించాలి. మాస్టడాన్ సంస్థ తన జాబితాలో చేర్చే సర్వర్లకు కొన్ని షరతులు పెట్టింది: రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసర సమయంలో సర్వర్‌లోకి వెళ్లగల రెండో మనిషి ఉండాలి, ద్వేషపూరిత రాతలను అడ్డుకోవాలి, మూసేయదలిస్తే సభ్యులకు కనీసం 3 నెలల ముందు చెప్పాలి. మీరు ఆ జాబితాలో చేరినా చేరకపోయినా ఆ నాలుగింటినీ మీ నియమాల పేజీలో రాసి, కింద మీ నలుగురి పేర్లు పెట్టండి. ఆ మూడు నెలల గడువు ఎందుకంటే, ఒక సర్వర్ నుంచి మరొకదానికి ఖాతా మార్చుకునేవారికి వారి అనుచరులు వెంట వస్తారు గానీ పాత పోస్టులు రావు. సభ్యులు వాటిని దించుకోవడానికి సమయం కావాలి.

వెబ్ చిరునామాను ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఎంచుకోండి. మాస్టడాన్‌లో ఒకసారి పెట్టిన చిరునామాను మారిస్తే బయటి సర్వర్లతో కట్టుకున్న బంధాలన్నీ తెగిపోతాయి. వినడానికి బాగుందని, చివర ఏదో దేశపు రెండక్షరాల సంకేతం ఉండే చిరునామా కొనకండి. 2024 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్ చిరునామాతో నడుస్తున్న ఒక సర్వర్ పేరును అక్కడి తాలిబన్ ప్రభుత్వం రద్దు చేయడంతో ఆ సర్వర్ సభ్యులు చెల్లాచెదురయ్యారు. డిస్కు స్థలం కూడా మీరు అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది, ఎందుకంటే మీ సభ్యులు అనుసరించే బయటివారి ఫొటోల నకళ్లన్నీ మీ సర్వర్‌లో చేరుతాయి. కొన్ని రోజులు దాటిన నకళ్లను తొలగించే అమరికను మొదటి రోజే పెట్టండి.

చట్టం సంగతి తేలికగా తీసుకోవద్దు. 2021 నాటి సమాచార సాంకేతిక నిబంధనల్లో కఠినమైన అదనపు బాధ్యతలు 50 లక్షలకు మించి వాడుకరులున్న వేదికలకే అయినా, చిన్న వేదిక కూడా ఫిర్యాదుల అధికారి పేరును, చిరునామాను ప్రకటించాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి, గడువులోగా పరిష్కరించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. మీ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలు కొందరికి 17 ఏళ్లే ఉంటాయి గనుక, మొదట 18 నిండినవారినే చేర్చుకోండి. నమోదును అందరికీ తెరిచిపెట్టకుండా, ఎందుకు చేరాలనుకుంటున్నారో రెండు మాటలు రాయించుకుని మీరు ఒప్పుకున్నాకే ఖాతా తెరుచుకునేలా పెట్టండి. ఈ చిన్న గడప ఒక్కటి ఉంటే చెత్త సందేశాల బెడద చాలావరకు లోపలికి రాదు. ఖర్చుకు నెలనెలా మీ జేబులోంచి తీయకుండా, మొదటి సంవత్సరానికి సరిపడా డబ్బు ముందే పోగు చేసి, లెక్కను సభ్యులందరికీ కనబడేలా పెట్టండి.

తెలుగు చదవగల నిర్వాహకులు ఉన్న సర్వర్లు చాలా తక్కువ. మీరు ఇవన్నీ చేయగలమనుకుంటే మీ ప్రయత్నానికి నా పూర్తి మద్దతు. వందమందికి మించకుండా ఒక సంవత్సరం నడిపి చూడండి. హనుమకొండ నుంచి వచ్చిన మొదటి ఉత్తరం చదివారు కదా, ఆయన వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి చోటు. మీ ఇద్దరికీ సమ్మతమైతే ఒకరి చిరునామాను మరొకరికి మా కార్యాలయం నుంచి అందజేస్తాం, ఒక కార్డు ముక్క రాయండి.